పూవు ఒక్కటే బతకదు



ఈనాడు ఒక పూవు గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అమెరికాలోనూ కెనడాలోనూ ప్రెయిరీలని పెద్ద గడ్డి మైదానాలున్నాయి. అక్కడ చెమ్మ ఆరని పల్లపు నేలల్లో పూసే అడవి ఆర్కిడ్ ఇది. ఆర్కిడ్ అనగానే పెళ్లి మంటపాల్లో కట్టే ఖరీదైన ఊదా పూలు గుర్తొస్తాయి కదూ! ఇది వేరు. మూడు నాలుగడుగుల కాడ, దానికి ఇరవై దాకా తెల్లని పూలు, వాటి అంచులు చీర కొంగు కుచ్చుల్లా చీలి ఉంటాయి.

దీని కాపురం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. చీకటి పడ్డాకే బాగా వాసన వేస్తుంది. ఎందుకంటారా? తేనె ఉండేది పువ్వు వెనక, రెండంగుళాల సన్నని గొట్టం అడుగున. రాత్రిళ్లు తిరిగే, పొడవాటి తొండమున్న పెద్ద చిమ్మటలకే అది అందుతుంది. అవి వచ్చి వాలితేనే కాయ కాస్తుంది. గింజలేమో దుమ్ములాగ ఉంటాయి, వాటిలో తిండి నిలవ ఉండదు. నేలలోని ఒక రకం బూజు ఆహారం అందిస్తే గాని మొలకెత్తవు. చిమ్మట, బూజు, చెమ్మ - వీటిలో ఏది పోయినా పూవు పోయినట్టే.

పోయే దశకు వచ్చింది కూడా. మైదానాలన్నీ నాగళ్ల కింద పడి మక్క చేన్లయ్యాయి. అయోవా రాష్ట్రంలో వెనకటి మైదానం వెయ్యి ఎకరాలకు ఒక్క ఎకరమైనా మిగల్లేదు. 1989లో అమెరికా ప్రభుత్వం ఈ ఆర్కిడ్‌ను ముప్పులో ఉన్న జాతుల్లో చేర్చింది. కాపాడటమంటే తవ్వి కుండీలో పెట్టడం కాదు. మిగిలిన మైదానాన్నే దున్నకుండా ఉంచాలి, గింజ రాలాకే గడ్డి కోయాలి, గడ్డిమందు దాని మీద పడకుండా చూడాలి.

"ఎక్కడి అమెరికా, ఎక్కడి సిద్దిపేట!" అంటారేమో. మన గునుగు సంగతి ఒక్కసారి ఆలోచించండి. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. కోమటి చెరువు కట్ట మీద వెలుగులకు కొదువ లేదు. కాని ఆ బతుకమ్మను పేర్చే గునుగు ఎవరూ నాటేది కాదు. చెలకల్లో, గెట్ల మీద తనంతట తాను మొలిచేది. మక్క చేన్లలో, పత్తి చేన్లలో గడ్డిమందు కొడుతుంటే ఎక్కడ మొలుస్తుంది? మనమేమో బజారులో కట్టలు కొనుక్కుంటున్నాం.

గునుగుకు ఆర్కిడ్ అంత కష్టం ఇంకా రాలేదు. అది రాకముందే మనం చేయగలిగింది ఉంది. తంగేడు పొద గనుక కొమ్మ తుంచినా మళ్లీ చిగురిస్తుంది. గునుగు అలా కాదు, ఏటేటా గింజ పడితేనే మొలవాలి. కాబట్టి వేళ్లతో పీకకండి, పువ్వు వరకే తుంచండి. ప్రతి చోటా నాలుగు మొక్కలు గింజకు వదలండి. ఎండిన పూలను దులిపితే నల్లని సన్న గింజలు రాలతాయి. వాటిని తొలకరికి పెరట్లోనో, గుడి ఆవరణలోనో చల్లండి. పల్లెలో పొలమున్నవారు మీ ఇంటాయనతో చెప్పి, ఒక్క గెట్టయినా మందు కొట్టకుండా ఉంచమనండి.

మన ఆడపిల్లలకు బతుకమ్మ పాటలు నేర్పుతున్నాం. ఆ పూలు మొలిచే చోటు కూడా వాళ్లకు చూపిద్దాం.