చల్లని కాఫీ – చుక్క లెక్క



హైదరాబాదు అంటే ఇరానీ చాయ్ అంటారు. ఆ మాట నిజమే గాని, మన తార్నాక, హబ్సిగూడ, సీతాఫల్‌మండి వైపు ఇళ్లలో కాఫీ కూడా ఏమీ తీసిపోలేదు. ఉద్యోగాలకని, పిల్లల చదువులకని కోస్తా జిల్లాల నుంచి వచ్చి యూనివర్సిటీ చుట్టుపక్కల స్థిరపడ్డ కుటుంబాలు తమ సామానుతో పాటు కాఫీ ఫిల్టరును కూడా తెచ్చుకున్నాయి. తెల్లవారేసరికి డికాక్షన్ దిగి ఉండకపోతే ఆ ఇంట్లో పని ముందుకు సాగదు. కాని ఏప్రిల్, మే నెలలు వచ్చేసరికి మధ్యాహ్నం పూట వేడి గ్లాసు పట్టుకోవాలంటేనే చెమటలు పడతాయి. అందుకని ఈవేళ పొయ్యి వెలిగించకుండా చేసుకునే కాఫీ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. చేసుకోవడం ఎలాగో, దాన్ని ఎంత తాగాలో, ఎప్పుడు తాగాలో కూడా చూద్దాం. అన్నిటికంటె ముఖ్యం ఆ చివరి రెండూ.

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి ఉస్మానియాలో పరిశోధన చేస్తోంది. ఒకరోజు వచ్చి, "ఆంటీ, ఒక కాఫీ షాపులో పొడుగాటి గాజు గొట్టం చూశాను. పైన ఐసు నీళ్లు, మధ్యలో కాఫీ పొడి, కింద సీసా. సెకనుకో చుక్క పడుతుంది. గ్లాసు ధర చూసి మేం మంచినీళ్లు తాగి వచ్చేశాం" అంది.

"అది ఫిల్టరేనమ్మా, కాస్త పొడుగు ఎదిగింది, అంతే" అన్నాను.

"మరి చల్లనీళ్లకి డికాక్షన్ దిగుతుందా, ఆంటీ?" అని అడిగింది.

మంచి ప్రశ్నే. ముందు దానికి జవాబు చూద్దాం. కాఫీ పొడిలో ఉన్న రంగు, రుచి, వాసన, పులుపు, చేదు, కెఫీన్ అన్నీ నీళ్లలోకి రావలసినవే. మరిగిన నీళ్లు పోస్తే పది పదిహేను నిమిషాల్లో అన్నీ ఒక్కసారిగా దిగివస్తాయి. చల్లనీళ్లకు ఆ తొందర లేదు. గంటల తరబడి నానితే గాని సారం దిగదు. పైగా చేదు, పులుపు ఇచ్చే పదార్థాలు కొన్ని చల్లనీళ్లలోకి అంత సులభంగా రావు. అందుకే ఈ కాఫీ నోటికి మెత్తగా, కాస్త తియ్యగా కూడా అనిపిస్తుంది. నిదానమే ప్రధానం అన్న సామెత కాఫీకి కూడా వర్తిస్తుందన్నమాట.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. పొడిని చల్లనీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టడం ఒకటి. దీన్ని కోల్డ్ బ్రూ అంటారు. పొడి మీద చల్లటి నీరు చుక్క చుక్కగా పడేటట్టు చేసి, కిందికి దిగింది పట్టుకోవడం రెండవది. ఇది కోల్డ్ డ్రిప్. జపానులో ఈ చుక్కల కాఫీకి డచ్చి కాఫీ అని కూడా పేరు. డచ్చి నావికుల నుంచి వచ్చిందని చెప్పుకుంటారు. మనకు గాజు గొట్టాలతో పని లేదు. ఇంట్లో ఉన్న స్టీలు ఫిల్టరు, ఒక గాజు సీసా, ఫ్రిజ్ ఉంటే చాలు.

ఇక పొడి మాట. చల్లని కాఫీకి పాలు, పంచదారల మరుగు తక్కువ. గింజ మంచిదైతేనే రుచి. ఆ మంచి గింజ కోసం మనం దూరం వెళ్లనక్కరలేదు. మన తూర్పు కనుమల్లోనే, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో అరకు కాఫీ పండుతోంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లనే అల్లుకుని మిరియాల తీగలు, వాటి మధ్య ఎర్రగా పండిన కాఫీ పళ్లను ఏరి కోసే గిరిజన స్త్రీలు – ఆ కొండల్లో ఇది మామూలు దృశ్యం. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అరకు కాఫీ పొడి అమ్ముతోంది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరు మీదే ఒక కాఫీ దుకాణం తెరిచారు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ మధ్య స్పెషాల్టీ కాఫీ అనే మాట వింటున్నాం. రుచి చూసే నిపుణులు నూటికి 80 మార్కులు, ఆపైన ఇచ్చిన కాఫీకి ఆ పేరు. అంతకుమించి మంత్రమేమీ లేదు.

పొడి కొనేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది, చికోరీ. పొట్లం మీద కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అని రాసి ఉంటుంది, చదవండి. చట్టప్రకారం కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. అంటే దాదాపు సగం చికోరీ ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది! వేడి కాఫీకి ఆ చిక్కదనం మనకు అలవాటే గాని, చల్లని కాఫీకి చికోరీ లేని పొడే వాడండి. చికోరీ నీళ్లు పీల్చుకుని మెత్తబడి చుక్కను నిలబెట్టేస్తుంది. రెండవది, పొడి మెత్తదనం. రోజూ ఫిల్టరుకు వాడే మెత్తటి పొడి దీనికి పనికిరాదు. కొట్టువాడితో ముతకగా, బొంబాయి రవ్వలా పట్టమని చెప్పండి. మెత్తటి పొడి అయితే వడకట్టడం కష్టం, గ్లాసు అడుగున మడ్డి మిగులుతుంది.

ఇప్పుడు నానబెట్టే పద్ధతి రాసుకోండి.

ముతక కాఫీ పొడి 50 గ్రాములు, అంటే దాదాపు పది టేబుల్ స్పూన్లు. కాచి చల్లార్చిన నీళ్లు 400 మిల్లీలీటర్లు. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాలో పొడి వేసి, నీళ్లు పోసి, పొడి అంతా తడిసేటట్టు చెంచాతో కలపండి. మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. రాత్రి భోజనాలు కాకముందు ఏడింటికి పెడితే పొద్దున ఏడెనిమిదింటికి తయారవుతుంది. మొదట టీ జల్లెడతో, తరువాత ఫిల్టరు కాగితంతో గాని ఉతికిన పల్చటి గుడ్డతో గాని వడకట్టండి. గుడ్డకు సబ్బు వాసన ఉండకూడదు సుమా! కాఫీ ఏ వాసననైనా ఇట్టే పట్టేస్తుంది. పొడి వంద మిల్లీలీటర్ల నీటిని తానే తాగేస్తుంది కనక మీకు దక్కేది సుమారు 300 మిల్లీలీటర్ల చిక్కటి డికాక్షన్.

రెండవది చుక్కల పద్ధతి. దీనికి చల్లనీటి కుళాయి కావాలి కదా అంటారేమో. మంచుగడ్డే మన కుళాయి. అది కరిగిన కొద్దీ చుక్కలు పడతాయి. ఫిల్టరు పైగిన్నె అడుగున గుండ్రంగా కత్తిరించిన ఫిల్టరు కాగితం వేయండి. 25 గ్రాముల ముతక పొడి వేసి, రెండు మూడు చెంచాల చల్లనీళ్లు చల్లి, పొడిని సమంగా సర్దండి. గట్టిగా అదమకండి. దాని మీద ఇంకో కాగితం వేయండి. లేకపోతే చుక్క పడ్డచోటే గుంట పడి, నీరంతా అక్కడి నుంచే జారిపోతుంది. చుట్టూ పొడి పొడిగానే ఉండిపోతుంది. ఆ కాగితం మీద తాగేనీటితో చేసిన ఐసు ముక్కలు, మొత్తం 200 గ్రాములు, పట్టినన్ని వేస్తూ కరిగిన కొద్దీ మిగతావి వేయండి. కింది గిన్నెను చల్లనీళ్లున్న పళ్లెంలో నిలబెట్టి నీడపట్టున ఉంచండి. వేసవిలో మూడు నాలుగు గంటల్లో 150 మిల్లీలీటర్లు దిగుతుంది. దిగగానే ఫ్రిజ్‌లో పెట్టెయ్యాలి.

ఈ రెండు రకాల డికాక్షనూ మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు బాగుంటాయి. ఇందులో నీళ్లు మరిగించే పని లేదు కనక పాత్రల శుభ్రత మరీ ముఖ్యం. పాలు మాత్రం ముందే కలిపి ఉంచకండి, తాగేటప్పుడే కలుపుకోండి. చల్లటి కాఫీలో పంచదార త్వరగా కరగదు, కాబట్టి తీపి కావలసినవాళ్లు పల్చటి పాకం చేసి ఉంచుకోవచ్చు. కాచి చల్లార్చిన పాలతో, లేదా ఉత్త ఐసు నీళ్లతో, లేదా కొబ్బరినీళ్లతో కలిపి చూడండి. కొబ్బరినీళ్లతో కలిపింది మా ఇంట్లో పిల్లల స్నేహితులందరికీ నచ్చింది.

ఇంతవరకు చేసుకోవడం అయింది. ఇక ఎంత, ఎప్పుడు అన్నది.

చల్లగా, చేదు లేకుండా ఉందని చిక్కటి డికాక్షన్‌ను గ్లాసులకు గ్లాసులు పోసుకోవడం ప్రమాదం. అరబికా గింజ బరువులో కెఫీన్ నూటికి ఒకటింబావు వంతు దాకా ఉంటుంది. అంటే 50 గ్రాముల పొడిలో సుమారు 600 మిల్లీగ్రాములు. అంతా దిగకపోయినా చాలా భాగం దిగుతుంది. రోబస్టా గింజ అయితే దాదాపు దానికి రెట్టింపు. మరి మనిషికి రోజుకు ఎంత వరకు ఫరవాలేదు? ఈ లెక్క కట్టినవాళ్లు మన తార్నాకలోనే ఉన్నారు. యూనివర్సిటీ పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థను చూడనివాళ్లు మనలో ఉండరు. 1918లో కూనూరులో ఒకే గది ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది కూడా 1918లోనే. ఆ సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనల్లో కెఫీన్ రోజుకు 300 మిల్లీగ్రాములు మించకూడదని చెప్పింది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, ఒకసారి తాగే టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటాయని కూడా చెప్పింది.

కాబట్టి మన 300 మిల్లీలీటర్ల సీసాను అయిదు వంతులు చేయండి. ఒక్కొక్కరికి 60 మిల్లీలీటర్లు, అంటే నాలుగు టేబుల్ స్పూన్లు. దానికి రెండింతల నీళ్లో పాలో కలిపితే ఒక గ్లాసు. రోజుకు రెండు గ్లాసులు చాలు. సాయంత్రం అయిదింటికి తాగిన కాఫీలోని కెఫీన్‌లో సగం, రాత్రి పదింటికి కూడా ఒంట్లోనే ఉంటుంది. పరీక్షలకు చదివే పిల్లలకు ఈ సంగతి చెప్పండి. గర్భిణులు, గుండెదడ ఉన్నవాళ్లు డాక్టరును అడిగి బాగా తగ్గించుకోవాలి. ఇంకొకటి: కాఫీలో కెఫెస్టాల్ అనే నూనె పదార్థం చెడు కొలెస్టరాల్‌ను పెంచుతుంది. కాగితంతో వడకడితే అది చాలావరకు కాగితానికే అంటుకుపోతుంది. కొలెస్టరాల్ ఉన్న ఇంట్లో గుడ్డకన్న కాగితమే మేలు.

ఇక ఎప్పుడు అన్న ప్రశ్న. ఇది ముఖ్యంగా మనదే. ఇంట్లో ఎవరి కాఫీ ఎలా ఉండాలో మనకు కంఠతా వచ్చు. ఆయనకు చిక్కగా, అత్తగారికి తీపి లేకుండా, పెద్దబ్బాయికి నురగతో. మన వంతుకు అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసి దించిన రెండో డికాక్షన్. దాన్ని కూడా టిఫినుకు బదులుగా ఒకసారి, పది దాటాక పని మధ్యలో ఒకసారి, మధ్యాహ్నం అందరి తరువాత అన్నం తిని వెంటనే ఇంకోసారి తాగుతాం. ఆకలి చచ్చిపోతుంది, పని నడిచిపోతుంది. కాని ఒంటికి ఏమవుతోంది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అంటే ఈ మాటలు చదువుతున్న మనలో సగానికి పైగా. దీనికి ముఖ్య కారణాల్లో ఒకటి ఇనుము చాలకపోవడం. మనం తినే ఆకుకూర, పప్పు, రాగుల్లో ఉన్న ఇనుము అసలే కొద్దిగా ఒంటబడుతుంది. భోజనంతో కాఫీగాని టీగాని తాగితే వాటిలోని టానిన్లు ఆ ఇనుమును కడుపులోనే పట్టి ఉంచి, ఆ కొద్దిదాన్ని కూడా రక్తంలోకి పోనివ్వవు. కాఫీ వేడిదైనా చల్లదైనా ఇందులో తేడా లేదు. అందుకే భోజనానికి గంట ముందు, గంట తరువాత వరకు కాఫీ, టీలు వద్దని ఆ సంస్థ సలహా ఇచ్చింది. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే మాత్రం ఇనుము బాగా ఒంటబడుతుంది. ఇనుము మాత్రలు వేసుకునేవాళ్లు వాటిని కాఫీతో మింగకండి.

కాబట్టి ముందు టిఫిను, తరువాత గంట ఆగి కాఫీ. మధ్యాహ్నం ఒంటిగంటకు భోంచేస్తే రెండు దాటాక. అప్పటికి ఇల్లు కాస్త సద్దుమణుగుతుంది కూడా. ఫ్రిజ్‌లోని చల్లని కాఫీలో ఉన్న సౌకర్యం ఇదే. అది చల్లారిపోతుందన్న బెంగ లేదు, మీరు ఎప్పుడు తీసినా అలాగే ఉంటుంది. వడకట్టగానే అయిదు చిన్న సీసాల్లో పోసి, ఒకటి మీది అని పక్కన పెట్టుకోండి. మిగిలితే తాగుదామని మాత్రం చూడకండి. ఈ కాఫీకి రెండో డికాక్షన్ లేదు. నానిపోయిన పిప్పిలో ఇక తీసుకోవడానికేమీ ఉండదు. అది ఎరువుతో కలిపి పూలకుండీలకు వేయవలసిందే గాని ఇంటి ఇల్లాలికి పోయవలసింది కాదు.

ఈ ఆదివారం నానబెట్టి చూడండి. రుచి పల్చగా అనిపిస్తే రెండవసారి నీళ్లు కాస్త తగ్గించండి, పొడి మాత్రం పెంచకండి. సెలవు.