మన పేర్లు రాజుల పుటల్లోనేనా?

(కోరుట్లలో జరిగిన పుస్తక పఠన సభలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల నుండి, సిరిసిల్ల నుండి శ్రమపడి వచ్చిన మిత్రులకు ముందుగా ధన్యవాదాలు. మేము చరిత్రకారులం కాము. సర్కారు కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్ల మధ్య బతికి, పదవీ విరమణ తరువాత పిల్లల చదువుల పనిలో పడినవాళ్లం. ఈ రోజు మాట్లాడవలసింది మహనీయుల జీవిత చరిత్రల గురించి. ఒక చిన్న సంగతితో మొదలుపెడతాము.

ఆగస్టు 15న బడిలో ఒక దేశ నాయకుని గురించి మాట్లాడాలని తొమ్మిదవ తరగతి అమ్మాయి ఒకరు మా వద్దకు వచ్చింది. తల్లి బీడీలు చుడుతుంది. అమ్మాయిని వెంటబెట్టుకుని ఒక పఠన మందిరానికి వెళ్లాము. జాతి నేతలు, భారత రత్నాలు, మహాపురుషులు అనే తరహా పేర్లతో అరనిండా పుస్తకాలున్నాయి. వాటిలో మనవారెవరని వెదికితే మౌలానా ఆజాద్, అబ్దుల్ కలాం కనిపించారు. మూడవ పేరు దొరకడం కష్టమైంది. పక్కనున్న చరిత్ర అరలో మాత్రం కుతుబ్ షాహీలు, మొగలులు, ఆసఫ్ జాహీలు కావలసినంత మంది. ఆ అమ్మాయి చాలాసేపు అటూ ఇటూ చూసి, "దాదా, మనోళ్లల్ల రాజులు తప్ప ఎవ్వలు లేరా?" అని అడిగింది. వెంటనే చెప్పవలసిన జవాబు మా నోటికి రాలేదు.

తెలుగులో ఇటువంటి పుస్తకాలకు మంచి వంశమే ఉంది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు మొదలైన పెద్దలు 1906లో మన హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. ఆ మండలి తొలి పుస్తకం అబ్రహాం లింకన్ జీవిత చరిత్ర. ఎక్కడో అమెరికాలో కట్టెల గుడిసెలో పుట్టిన మనిషి కథ చదివి తెలుగు పిల్లవాడు ధైర్యం తెచ్చుకోవాలన్నది వారి ఆశయం. ఆ కృషి ముందు మేము తలవంచుతాము. అయితే మన దేశ చరిత్ర దగ్గరికి వచ్చేసరికి యుగాలకు పాలకుల మతాన్ని బట్టి పేర్లు పెట్టడం నాటి రివాజు. ఇంగ్లీషు చరిత్రకారులు వేసిన గీత అది. కొమర్రాజు వారి గ్రంథాలలోనూ హిందూ మహాయుగం, మహమ్మదీయ మహాయుగం ఉన్నాయి. ఆ విభజనలో ముస్లిం అంటే సింహాసనం మీద కూర్చున్నవాడే. దూది ఏకేవాడు, నేత నేసేవాడు, బడిపంతులు ఆ యుగంలో ఉండరు. సింహాసనం పోయిన తరువాత మన ప్రస్తావనే పుటలలో పలుచబడింది. ఆ అమ్మాయి ప్రశ్నకు మూలం ఇక్కడ ఉంది.

లేరు అన్న మాటకు పుస్తకంతోనే సమాధానం చెప్పిన పెద్ద ఉదాహరణ మన తెలంగాణలోనే ఉన్నది. నైజాం ప్రాంతంలో తెలుగు కవులు లేరని ఎవరో అంటే సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అందులో 354 మంది కవులున్నారు. వాదన పెట్టుకోలేదు, పేర్లు, ఊళ్లు, పద్యాలు అచ్చువేసి ముందుంచారు. మన విషయంలో అటువంటి శ్రమ చేసినవారు సయ్యద్ నశీర్ అహమ్మద్ గారు. స్వాతంత్ర్యోద్యమంలో ముస్లిం మహిళల గురించి, అష్ఫాఖుల్లా ఖాన్ గురించి, టిపూ సుల్తాన్ గురించి వేరువేరు గ్రంథాలు వ్రాశారు. 'చిరస్మరణీయులు' గ్రంథంలో 155 మంది ముస్లిం సమరయోధుల సంక్షిప్త జీవితాలు చిత్రాలతో సహా ఉన్నాయి. 'అక్షర శిల్పులు'లో తెలుగులో వ్రాసిన ముస్లిం కవులు, రచయితలు మూడు వందలకు పైగా ఉన్నారు. తెలుగు వికీసోర్స్‌లో ఆయన పుస్తకాలు రుసుము లేకుండా చదువుకోవచ్చు. పెళ్లి పందిళ్లకు ఖర్చుచేసే మనం ఇంటికొక ప్రతి అచ్చు పుస్తకం కొనడం భారమేమీ కాదని మాత్రం ఇక్కడే అనేస్తున్నాము, పెద్దలు మన్నించాలి.

ఏటా సెప్టెంబరు 17 వచ్చేసరికి మన పిల్లలు తరగతి గదిలో తల దించుకుని కూర్చుంటున్నారని తల్లులు చెబుతున్నారు. 1948 అధ్యాయంలో వారికి వినిపించే ముస్లిం పేర్లు రెండే, నిజాం, రజాకార్లు. రజాకార్ల దౌర్జన్యాన్ని మేము కప్పిపుచ్చము. అది జరిగింది, దానివల్ల ఏడ్చిన ఇళ్లు ఈ జిల్లాలలోనూ ఉన్నాయి. అయితే ఆ దౌర్జన్యాన్ని వ్రాతతో ఎదిరించినవాడు షోయబుల్లా ఖాన్. ఇమ్రోజ్ అనే ఉర్దూ పత్రికకు సంపాదకుడు, ముప్పయ్యేళ్లు నిండని యువకుడు. హైదరాబాదు భారతదేశంలో కలవాలని వ్రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలో ఆయనను చంపారు. వ్రాసిన చేతిని నరికారు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1940లో, కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ అనే సామాన్య రైతు తన భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ బలగానికి ఎదురు నిలిచి, కోర్టు మెట్లెక్కి, చివరకు హత్యకు గురయ్యాడు. 'మాభూమి' నాటకానికి ఆయన కథే ఆధారం. ఇంకా వెనక్కు వెళితే 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిషు రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ఉన్నారు. ఒకరు తూప్రాన్ దగ్గర తుపాకీకి బలయ్యారు, మరొకరిని అండమానుకు పంపారు. వీరిలో సింహాసనం ఎక్కినవాడు ఒక్కడూ లేడు. ఆ అమ్మాయికి ఆగస్టు 15న మేము వ్రాసి ఇచ్చింది షోయబుల్లా ఖాన్ గురించే. బాగా మాట్లాడిందని విన్నాము.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట ఒక సభలో ఇండియా గేట్ మీద స్వాతంత్ర్య సమరయోధుల పేర్లలో సగానికి మించి ముస్లింలవేనని గొంతెత్తి చెప్పాము, చప్పట్లు కూడా కొట్టించుకున్నాము. సభ ముగిశాక డిగ్రీ చదివే కుర్రవాడు దగ్గరికి వచ్చి, "చాచా, అది మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిషు సైన్యంలో పనిచేసి మరణించినవాళ్ల స్మారకం. మొత్తం పేర్లే పదమూడు వేల చిల్లర" అన్నాడు. ఫోనులో వచ్చిన లెక్కను ఏ కాగితమూ చూడకుండా నమ్మాము. ఉద్యోగంలో ఉండగా ఆధారపత్రం జతచేయని అర్జీని మేమే ఎన్నిసార్లు వెనక్కు పంపామో! ఒక అబద్ధపు లెక్క బయటపడితే, దాని పక్కనున్న తుర్రేబాజ్ ఖాన్ నిజం కూడా అనుమానంలో పడుతుంది. అందుకే ఆ సభ జరిగిన చోటికే మళ్లీ వెళ్లి మాట సరిదిద్దుకున్నాము. ఈసారి చప్పట్లు లేవు.

కాగితానికి ఇంకొక ముఖం ఉంది. సమరయోధుల పింఛను 1972లో మొదలైనప్పుడు కనీసం ఆరు నెలలు జైలులో ఉన్నట్టు ఆధారం చూపమన్నారు. మహిళలకు మూడు నెలలకు తగ్గించారు. నియమం అవసరమే, కాదనము. కానీ అజ్ఞాతంలో ఉన్నవారికి రాత్రిపూట రొట్టెలు చేసి పెట్టిన స్త్రీకి జైలు రికార్డు ఎక్కడిది? ఆమె పేరు పింఛను జాబితాలో లేదు, తరువాత మహనీయుల పుస్తకంలోనూ లేదు.

మన మూడు ఊళ్ల సంగతే చూడండి. జగిత్యాల కోట అనగానే దానిని కట్టించిన నవాబు, ఫ్రెంచి ఇంజనీర్లు గుర్తుకొస్తారు. మళ్లీ నవాబే. హనుమాజీపేటలో పుట్టి సిరిసిల్లలో చదువుకున్న సి. నారాయణరెడ్డి గారు జ్ఞానపీఠం అందుకున్నారు, తెలుగులో గజళ్లు వ్రాశారు. ఆయన చదువు డిగ్రీ దాకా ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. ఆ కాలపు బడులలో మతభేదం లేకుండా ఎందరు పిల్లలకు అలిఫ్, బే దిద్దించారో ఆ ఉస్తాదుల జీవితాలను ఎవరు వ్రాశారు? కోరుట్లలో బీడీల మీద పిల్లలను చదివించిన తల్లుల కథ ఏ మహాపురుషుల సంపుటిలో వస్తుంది?

గత నెలలో సిరిసిల్లలో ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్లాము. ఆమె భర్త ఉర్దూ పంతులుగా పనిచేసి చాలా ఏళ్ల కిందట చనిపోయారు. ఆయన పుస్తకాలను మనవలు తూకానికి అమ్మేశారు. వాళ్లను నిందించలేము, ఆ లిపి వాళ్లకు రాదు. పెట్టె అడుగున ఒక డైరీ, రెండు తరగతి ఫోటోలు మిగిలాయి. నకలు తీసి తిరిగి ఇస్తామని మాట ఇచ్చి వాటిని తెచ్చాము. ఇదిగో, ఈ బల్ల మీద ఉన్నాయి. ఫోటోల వెనుక పిల్లల పేర్లు ఉర్దూలో వ్రాసి ఉన్నాయి, కొన్ని సిరా చెదిరి మాకు అందడం లేదు. డైరీలోనిది తొందర చేతివ్రాత. ఇక్కడి పెద్దలలో శికస్తా చదవగలవారు నమాజు తరువాత కాసేపు ఆగితే, వారు చదువుతూ ఉంటే మేము తెలుగులో వ్రాసుకుంటాము. మొదటి పుటలో తారీఖు వరకు మాత్రం మేమే చదువుకోగలిగాము.