మన బేగంపేట విమానాశ్రయం

(జవహర్‌నగర్‌లో జరిగిన మన సంఘ సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



బేగంపేట విమానాశ్రయం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. మన పిల్లల్లో చాలామందికి విమానాశ్రయం అంటే శంషాబాదే. అంతకుముందు డెబ్బై ఏళ్ల చరిత్ర ఉందని వారికి చెప్పవలసినవాళ్లం మనమే.

బేగంపేట ఏరోడ్రోమ్ 1930ల నాటిది, నిజాం పాలనలో వెలిసింది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించారు. మరుసటి ఏడు నుంచి డకోటా విమానాలు ఇక్కడి నుంచి ఎగిరాయి. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ గారికి ఉద్యోగం ఇచ్చింది ఈ సంస్థే. మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ఆవిడ. 1953లో జాతీయకరణ జరిగినప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1972లో కొత్త టెర్మినల్ వచ్చింది.

రాజకీయ చరిత్రకూ ఈ విమానాశ్రయం సాక్షి. 1949 ఫిబ్రవరిలో సర్దార్ పటేల్‌కు నిజాం స్వయంగా ఎదురువెళ్లి నమస్కరించింది ఇక్కడే. 1982లో ముఖ్యమంత్రి అంజయ్య గారికి అవమానం జరిగిందని రాష్ట్రమంతా అట్టుడికిందీ ఇక్కడి సంఘటనతోనే. ఆ ఏడు మార్చిలో పుట్టిన తెలుగుదేశం ఆత్మగౌరవం మాటను ఊరూరా వినిపించింది.

ఇక పని తీరు చెబుతాను. బేగంపేట రన్‌వే తూర్పు పడమరలుగా, సుమారు 3,200 మీటర్ల పొడవు ఉంటుంది. దాని రెండు చివర్లకు 09, 27 అని పేర్లు. దిక్సూచిలో 90 డిగ్రీలు తూర్పు, 270 డిగ్రీలు పడమర. చివరి సున్నా తీసేస్తే వచ్చేవే ఆ అంకెలు. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగా దిగాలి, ఎదురుగా లేవాలి. వానాకాలంలో మనకు పడమటి గాలి. అందుకని విమానాలు తూర్పు నుంచి వచ్చేవి. రన్‌వే గీతను తూర్పుకు పొడిగిస్తే సికింద్రాబాద్, మల్కాజిగిరి, మౌలాలి వైపు పోతుంది. నాచారం, మౌలాలి వాసులు డాబా మీద నిలబడి చక్రాలు దించుకున్న విమానాలను చూసేవారంటే కారణం అదే.

విమానం దిగడం పైలట్ ఒక్కడి పని కాదు. వాతావరణ శాఖవారు గాలి, మబ్బు, దృశ్యత లెక్క చెప్పాలి. టవర్‌వారు అనుమతి ఇవ్వాలి. ఫైర్ సిబ్బంది బండి సిద్ధంగా ఉంచాలి. దృశ్యత సరిగా లేకపోతే ఏమవుతుందో 1993 నవంబరు 15న చూశాం. మద్రాసు నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్‌బస్ ఇక్కడ దిగలేక తిరిగి లేచింది. రెక్కల వెనక దించిన ఫ్లాపులు మళ్లీ ముడుచుకోలేదు. వాటితో ఎగిరితే గాలి వెనక్కి లాగుతుంది, ఇంధనం ఎక్కువ ఖర్చవుతుంది. మద్రాసు చేరేలోపే ఇంధనం నిండుకుంది. తిరుపతి దగ్గర వరి పొలంలో దింపారు. అందులో ఉన్న 262 మందీ బతికారు.

ఊరు పెరిగి బేగంపేటను చుట్టేసింది. రన్‌వే పొడిగించే చోటు లేకపోయింది. 2008 మార్చి 23న రాకపోకలన్నీ శంషాబాద్‌కు మారాయి. అక్కడి రన్‌వే 4,260 మీటర్లు. 2023-24లో రెండున్నర కోట్ల మంది ప్రయాణించారు. ఇంత రద్దీ బేగంపేట మోయగలిగేది కాదు. ఆ మాట ఒప్పుకోవాలి.

అయితే రెండో మాట కూడా ఉంది. కొత్త విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపు పౌర విమానాలకు మరొకటి ఉండకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. బేగంపేటను మూయవద్దని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు 2008 మార్చిలో దేశవ్యాప్తంగా సమ్మె చేశారు. తమ ఉద్యోగాల కోసం చేశారని కొందరన్నారు. ఉద్యోగం కోసం చేస్తే మాత్రం తప్పేముంది? ప్రజల సొమ్ముతో కట్టినదాన్ని చిన్న విమానాలకైనా ఉంచమన్నారు. వారి మాట నెగ్గలేదు. అదే షరతు వరంగల్ మామునూరుకూ అడ్డు నిలిచింది. అక్కడ విమానాశ్రయానికి కేంద్రం అనుమతి 2025లో గాని రాలేదు. ఒప్పందంలో ఒక్క వాక్యం ఒక జిల్లాను ఎన్నేళ్లు ఆపగలదో చూడండి.

బేగంపేట పూర్తిగా మూతపడలేదు. ప్రముఖుల విమానాలు, వైమానిక దళం, శిక్షణ విమానాలు వాడుకుంటున్నాయి. రెండేళ్లకోసారి విమాన ప్రదర్శన జరుగుతోంది.

చివరగా పెద్దవారికి రెండు మనవులు. పిల్లల దగ్గరకు ప్రయాణం పెట్టుకున్నప్పుడు వీల్‌చైర్ కావాలంటే టికెట్ కొనేటప్పుడే రాయించండి. మందులు, చీటీ చేతిసంచిలోనే ఉంచుకోండి.

ఏ శాఖలో పనిచేసినా మన అనుభవాలు మనం రాయకపోతే మరొకరు రాయరు. అవి ఈ సంచిక పేజీలకు ఎక్కాలని కోరుతున్నాను.