ఈ-లర్నింగ్ అంటే ఏంది? అర్థం మన వాడే చెప్పాలె

(దళిత యువజనుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవ్వాళ నాకిచ్చిన అంశం 'ఈ-లర్నింగ్ అంటే ఏమిటి' అని. పేరు ఇంగ్లీషుదే గాని విషయం మన పిల్లలది. కంప్యూటర్ తెలిసినోళ్ళు చూసుకుంటరులే అని వదిలేస్తే కుదరదు. ఒక మాటకు అర్థం ఎవడు చెప్తడో ఆ మాట మీద పెత్తనం వాడిదే. 'అంటు' అన్న మాటకు అర్థం మనం చెప్పలేదు. వాళ్ళు చెప్పిన్రు, మనం మోసినం.

'ఈ' అంటే ఎలక్ట్రానిక్. కంప్యూటర్, ఫోను, టీవీ, ఇంటర్నెట్ ద్వారా నేర్చుకునుడే ఈ-లర్నింగ్. మామూలుగా చెప్పే అర్థం ఇదే. తప్పు గాదు, సగమే నిజం. పాఠం ఎట్ల బయలుదేరుతదో ఇది చెప్తది. ఎవరికి చేరింది, చేరినంక ఏమైంది అన్నది చెప్పదు.

దూరం నుంచి పాఠం చెప్పుడు కొత్త గాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊర్లకు టీవీ పాఠాలు పంపిన్రు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పది మంది కలిసి చూసే పెట్టె అది. అప్పుడైనా ఇప్పుడైనా అసలు ప్రశ్న ఒక్కటే: ఆ పెట్టె ఎవరి గడపలో ఉన్నది? వాడ పిల్ల అక్కడికి పోయి ముందు వరసలో కూసోగలదా?

1982లో దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ మన రాష్ట్రంలో పుట్టింది. 1991లో దానికి బాబాసాహెబ్ పేరు పెట్టిన్రు. బడి మధ్యలో మానేసినోళ్ళు కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి తెరిచింది. పని చేసుకుంటూ చదువుకున్న మనోళ్ళు ఎందరో ఉన్నరు. అక్కడ పుస్తకం ఒక్కటే గాదు, స్టడీ సెంటర్‌లో అడిగితే చెప్పే మనిషి ఉన్నడు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండ్రి.

ఇగ 2020 కాడికి వద్దాం. కరోనాతో మార్చిలో బడులు మూతబడ్డయి. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు మొదలైనయి. పాఠం ఆకాశం నుంచి అందరికీ సమానంగనే దిగింది. కాని నేల సమానంగ లేదు. 2017-18లో కేంద్రం చేయించిన జాతీయ నమూనా సర్వే లెక్క చూడండ్రి. పట్నాల్లో నూటికి 42 ఇండ్లకు ఇంటర్నెట్ ఉంటే, పల్లెల్లో 15 ఇండ్లకే. కంప్యూటర్ పట్నాల్లో 23 ఇండ్లకు, పల్లెల్లో నాలుగు ఇండ్లకు. తర్వాత ఫోన్లు పెరిగినయి, నిజమే. కాని ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నాయిన జేబులో కూలికి పోతే, ముగ్గురు పిల్లలు దేంట్ల చదవాలె? టీవీ తన పాఠం తాను చెప్పుకుంట పోతది. 'సారూ, ఈ లెక్క అర్థం కాలే' అంటే ఆగదు.

మనకు ఏకలవ్యుడి కథ తెలుసు. ద్రోణుడు చదువు చెప్పనన్నడు. ఏకలవ్యుడు మట్టిబొమ్మ పెట్టుకొని సొంతంగ నేర్చుకున్నడు. బొమ్మ ఒక్క తప్పు దిద్దలేదు. ఫీజు మాత్రం బొటనవేలు! ఇవ్వాళ మట్టిబొమ్మ పోయి వెలుగుబొమ్మ వచ్చింది. నెలనెలా కిస్తీలు కట్టించుకునే ట్యూషన్ యాప్‌లు కూడా వచ్చినయి. పంతులు లేకుండా బొమ్మను చూపించి, అదే చదువంటే మనం ఒప్పుకోవద్దు.

2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. మన పిల్లల చేతికి యంత్రం వచ్చుడు మంచిదే. కాని పలక ఇచ్చినంత మాత్రాన అక్షరం రాదు. ట్యాబ్ పనిముట్టు, చదువు గాదు.

కాబట్టి మన అర్థం మనం చెప్పుకుందాం. ఈ-లర్నింగ్ అంటే, వాడలో ఆఖరి ఇంటి పిల్ల కూడా యంత్రం ద్వారా పాఠం అందుకొని, తనకు తెలిసిన భాషలో విని, తెల్వనిది అడిగి, జవాబు పొంది, నేర్చుకున్నది తిరిగి చెప్పగలిగే చదువు. ఇందులో ఏ ఒక్కటి లేకున్నా అది ప్రసారమే, చదువు గాదు.

ఇది దయ గాదు, హక్కు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఇంటర్నెట్ అందుకునే హక్కు విద్యాహక్కులో భాగమని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది. పేద పిల్లలకు ఫోన్లు, నెట్ ఇయ్యాలని 2020 సెప్టెంబర్‌లో ఢిల్లీ హైకోర్టు బడులను ఆదేశించింది. 2021లో సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. అంటే కోర్టు కాగితం ఒక్కటే మనల్ని గట్టెక్కించదు.

మరి చెయ్యాల్సిందేంది? ప్రతి వాడలో లెక్క రాయండ్రి: ఎంతమంది పిల్లలు, ఎన్ని ఫోన్లు, ఏ ఇంట్ల నెట్ అందదు. ఆ లెక్క పట్టుకొని హెడ్మాస్టర్ని, పంచాయతీని, ఎం.ఇ.ఓ.ను అడగండ్రి. అంబేద్కర్ భవనం ఉన్నకాడ సాయంత్రం పూట పిల్లలందర్ని ఒక్కకాడ కూసోబెట్టండ్రి. డిగ్రీ చదివిన తమ్ముడో చెల్లెలో పక్కన కూసొని తెల్వనిది చెప్పాలె. ట్యాబ్ ఇచ్చినం గదా అని పంతుళ్ళ పోస్టులు ఖాళీగ పెడితే మాత్రం ఊరుకోవద్దు. ట్యాబూ కావాలె, పంతులూ కావాలె.

1848లో పుణెలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి తెరిచిన్రు. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ మన పిల్లలకు బడులు పెట్టిండు. బడి గడప దాటనియ్యని కాలంలో వాళ్ళు మనకు గడప కట్టిచ్చిన్రు. ఇప్పుడు గడప కంటికి కనిపించదు, తీగల్లో, తరంగాల్లో ఉన్నది. దాన్ని దాటించుడు మన పని.

జై భీమ్!