ప్రాతఃకాల ప్రశాంతి – మితాహారము

 

విద్యానిధులను గూర్చియు వసతిగృహములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికమీద మేము రాగియంబలిని గూర్చి మాటలాడుట కొందఱికి నవ్వు పుట్టింపవచ్చును. కానిండు. మన బంధువర్గమున మధుమేహ మెఱుగని యిల్లు వెదకవలసి యున్నది గదా!

మేమును నిన్నమొన్నటివఱకు సెల్‌ఫోను చూచుచు, ఎన్ని యిడ్డెనలు తింటిమో యెఱుగక లేచినవారమే. ఇప్పుడు వేకువనే ముఖము కడిగికొని యరగంట అరుగుమీద ఊరక కూర్చుండుచున్నాము. పిదప చద్దియన్నమో, అంబలియో నెమ్మదిగా పుచ్చుకొనుచున్నాము. నెమ్మదిగా తినువానికి కడుపు నిండిన సంగతి సకాలమున తెలియును.

కాఫీ మాట యొకటి. 1918లో కూనూరున మొదలై, పిమ్మట హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలయందు, భోజనమునకు ముందొక గంట, వెనుకొక గంట కాఫీ, టీలు మానవలెనని యున్నది. వానిలోని టానినులు ఆహారమందలి యినుమును దేహమునకు సరిగా అందనీయవు. రక్తహీనతగల స్త్రీలకు ఇది మిక్కిలి ముఖ్యము.

స్త్రీల మాట వచ్చినది గనుక దాచక చెప్పెదము. మేము అరుగుమీద ప్రశాంతముగా కూర్చున్న యా యరగంటలో లోపల పొయ్యి ముట్టించిన దెవరు? అందఱకును వడ్డించి, పదిగంటలకు అడుగున మిగిలినదానిని నిలుచుండి తినున దెవరు? ఈ ప్రశ్నను మా కోడలే వేసినది. మాకు ఉత్తరము తోచలేదు. ఆనాటినుండి వారమున మూడు దినములు అంబలి మేమే కాచుచున్నాము. ఉండలు కట్టుచున్నది, అయినను ఇంటివారు త్రాగుచున్నారు.