పందెపు గుర్రాల వన్నెలు

ధర్మవరంలో ఒక వివాహపు ఊరేగింపునకు తెచ్చిన తెల్లగుర్రాన్ని ఆమధ్య మేము దగ్గరగా చూచినాము. అది గోడిగ, అనగా ఆడగుర్రం. బెంగుళూరు పందెపు మైదానంలో కొన్ని ఏండ్లు పరుగెత్తి, అక్కడ దాని పని తీరిన పిమ్మట నాలుగు చేతులు మారి ఈ ఊరు చేరినదట. మెడలో పూసల పట్టెడ, నుదుట కుచ్చుల తురాయి, ఒళ్ళంతా మల్లెపూవు. పెండ్లివారి పిల్లలు "పాలగుర్రం, పాలగుర్రం" అని కేకలు పెట్టుచుండగా సాయీసు నవ్వినాడు. "పుట్టినప్పుడు ఇది పాలగుర్రం కాదు సామీ! నా చేతికొచ్చినప్పుడు కూడా తొడల మీద బూడిద చారలుండె" అన్నాడు. ఆపైన దాని తోక ఎత్తి, క్రింద ద్రాక్షపండ్ల వలె గుంపుగా ఉన్న నల్లని గడ్డలు చూపించి, మమ్ములను రెండు ప్రశ్నలు అడిగినాడు. ఆ గడ్డలు దిష్టి తగిలి వచ్చినవా అన్నది మొదటిది. దీనిని దాటిస్తే తెల్లపిల్లే పుట్టునా అన్నది రెండవది.

చిత్రమేమంటే ఆ రెండు ప్రశ్నలకు సమాధానం ఒకే చోట ఉన్నది.

గుర్రపు వన్నెను గురించిన చింత ఈ సీమకు కొత్త కాదు. 1535 ప్రాంతాన విజయనగర వృత్తాంతం వ్రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, రాయలవారు ఏటేటా హోర్ముజు గుర్రాలు, దేశవాళీ గుర్రాలు కలిపి 13,000 కొని, మేలైన వాటిని తమ శాలలో నిలుపుకొని తక్కినవి నాయకులకు పంచేవారని చెప్పినాడు. 1565 యుద్ధం తరువాత ఆ రాజ్యానికి మన పెనుకొండయే రాజధాని అయినది. అంతటి వ్యయంతో కొనే జంతువును పరీక్షించడానికి ఒక శాస్త్రం ఉండక తప్పదు గదా. సంస్కృతంలో శాలిహోత్రుని పేర, నకులుని పేర అశ్వశాస్త్రాలు ఉన్నవి. తెలుగులో మనుమంచి భట్టు ఆ శాస్త్రాన్ని కావ్యంగా కూర్చినాడు. ముఖము, నాలుగు కాళ్ళు తెల్లనైనది పంచకల్యాణి. వానితోపాటు రొమ్ము, జూలు, తోక కూడా తెల్లనైతే అష్టమంగళం. ఒంటి మీది సుడులను బట్టి యజమాని భాగ్యాన్ని లెక్కించేవారు. నేడు పందెపు గుర్రాల గుర్తింపు పత్రాలలోనూ ఈ సుడులను, తెల్లమచ్చలను బొమ్మ గీసి మరీ నమోదు చేస్తారు. భాగ్యం చూచుకొనడానికి కాదు, ఒక గుర్రం బదులు మరొకటి పందెంలో దిగకుండా చూచుకొనడానికి.

థరోబ్రెడ్ అనే ఈ పందెపు జాతి సుమారు 300 ఏండ్ల క్రిందట ఇంగ్లండులో రూపొందినది. అక్కడి ఆడగుర్రాలకు తూర్పుదేశపు మగగుర్రాలను జతపరచినారు. బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడింటిని మూలపురుషులుగా చెప్పుకొంటారు. ఆ జాతి వంశావళి గ్రంథం 1791లో మొదలైనది. అరబ్బు గుర్రంలో అందం చూచిన ఇంగ్లీషువారు ఈ జాతిలో మాత్రం గడియారం ముల్లునే చూచినారు. 1764లో సూర్యగ్రహణం నాటి ఏడు పుట్టినందున ఎక్లిప్స్ అని పేరు పొందిన గుర్రానిది జేగురు రంగు. ఒక వెనుక కాలు తెల్లన. మన లెక్కలో అది పంచకల్యాణి కాదు, ఏకకల్యాణి కూడ అనిపించుకొనదు. అది 18 పందెములలో దిగి ఒక్కదానిలోనూ ఓడలేదు. నేటి థరోబ్రెడ్లలో నూటికి 90కి పైగా తండ్రివైపు నుండి దాని సంతతివే.

రంగును ఎవరూ ఎంచి పెంచనందున ఈ జాతిలో వన్నెలు కొద్దిగానే మిగిలినవి. నల్లని జూలుగల కుమైతు, జేగురు, ముదురు గోధుమ, నలుపు, బూడిద: ఇంతే సామాన్యంగా కనబడును. తక్కినవి అపురూపం. అపురూపమైన దానికి వెల పెరుగుట లోకసహజం. అందుచేత కొన్ని దేశాలలో రంగు కోసమే థరోబ్రెడ్లను పెంచేవారు బయలుదేరినారు.

సాయీసు గుర్రం సంగతి చెప్పవలెను. బూడిద గుర్రపు పిల్ల నల్లగానో జేగురుగానో పుట్టి, ఏటేటా నెరసి తుదకు తెల్లబడును. క్రింది చర్మం మాత్రం నల్లగానే ఉండిపోవును. మూతి చూచితే తెలియును. ఈ నెరపునకు కారణమైన జన్యువులోని మార్పును శాస్త్రజ్ఞులు 2008లో కనుగొన్నారు. లోకంలోని బూడిద గుర్రాలన్నీ వేల ఏండ్ల క్రిందటి ఒకే పూర్వజం నుండి ఈ మార్పును పొందినవట. తలిదండ్రులలో ఒకరి నుండి వచ్చినా చాలు, పిల్ల నెరయును. కాని రంగుకణాలను త్వరగా ఖర్చుచేసి వెంట్రుకను తెల్లబరచే ఆ మార్పే చర్మంలో అవే కణాలను విపరీతంగా పెంచి నల్లగడ్డలు కట్టించును. 15 ఏండ్లు దాటిన బూడిద గుర్రాలలో నూటికి 70, 80 వరకు ఈ గడ్డలు కనబడునని అంచనా. కనుక అది దిష్టి కాదు. ఆ గుర్రాన్ని పెండ్లికి పనికివచ్చేట్టు చేసిన తెలుపే దాని తోక క్రింద గడ్డలను కూడ తెచ్చినది.

పుట్టుకతోనే తెల్లనై, గులాబి చర్మం గల థరోబ్రెడ్లు వేరు. అవి బహు అరుదు. జపానులో 1996లో తెలుపు కాని తలిదండ్రులకు షిరాయుకిహిమె అనే తెల్ల ఆడపిల్ల పుట్టినది. జన్యువులో అప్పటికప్పుడు కలిగిన కొత్త మార్పు దానికి కారణం. దాని మనుమరాలు సొదాషి 2020 డిసెంబరులో అత్యున్నత శ్రేణి పందెం గెలిచిన మొదటి తెల్లగుర్రమైనది. 2021, 2022లలోనూ ఆ శ్రేణిలో గెలిచినది. రంగూ వేగమూ ఒక ఇంట చేరిన సందర్భమది. అయితే ఆ ఇంటివారు తెల్లదనానికి మంచి పరుగు రక్తాన్ని కలుపుచు వచ్చినారని మరువరాదు.

ఇక బంగారు వన్నె. జేగురు గుర్రంలో వన్నెను పలుచన చేసే జన్యువు ఒక పాలు చేరితే ఒళ్ళు బంగారం, జూలు వెండి అగును. బంగారు మగదానిని బంగారు ఆడదానికి కూర్చితే పిల్లలన్నీ బంగారమే అని ఆశపడిన వారు మోసపోయినారు. సగటున నాలుగింట రెండే బంగారం. ఒకటి వట్టి జేగురు. ఒకటి రెండు పాళ్ళూ పొంది, మీగడ రంగు ఒంటితో నీలికండ్లతో పుట్టును. ధర్మవరం శ్రోతలకు ఇది తేలికగా బోధపడును. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు పెట్టి నేసినప్పుడే గదా మన పట్టుచీరలో ఆ రెండు ఛాయల మెరుపు వచ్చేది! పడుగూ పేకా ఒకే రంగైతే చీర ఉండును, మెరుపు ఉండదు. బంగారు వన్నె అటువంటి మెరుపు. దానిని జాతిగా స్థిరపరచడం ఎవరి తరమూ కాదు.

రంగు తప్పితే అద్దకంవాడు పట్టుదారాన్ని మరల తొట్టిలో ముంచవచ్చును. గుర్రపు చూలు 11 నెలలు. కాన్పునకు సాధారణంగా ఒకే పిల్ల. థరోబ్రెడ్లలో కృత్రిమ గర్భధారణకు అనుమతి కూడ లేదు. పైగా కొన్ని తప్పులు దిద్దుకొనడానికి వీలులేనివి. చట్రం గీచినట్లు ప్రక్కలపై తెల్లమచ్చలుండే ఒక వన్నె ఉన్నది. ఈ జాతిలో అరుదే కాని లేకపోలేదు. అటువంటి రెండింటిని జతపరచితే నాలుగింట ఒక పిల్ల పూర్తిగా తెల్లగా పుట్టును. చూడముచ్చటగా లేచి నిలబడును, తల్లి పాలు త్రాగును. దాని ప్రేగులలో నరాలు ఏర్పడి ఉండవు గనుక పేడ వేయలేక, కడుపునొప్పితో ఒకటి రెండు దినములలో మరణించును. కారణమైన జన్యువు 1998లో తెలిసినది. నేడు నాలుగు వెంట్రుకలు కుదుళ్ళతో పెరికి పరీక్షకు పంపితే ముందే తెలియును. తెలిసికొనగలిగి కూడ పరీక్షింపక జతపరచుటను మేము అభిరుచి అనజాలము.

రెండవ ప్రశ్నకు జవాబు ఆ గోడిగ కాగితాలలోనే దొరికినది. తండ్రి బూడిద, తల్లి జేగురు. కనుక కుమైతు మగగుర్రంతో జతపరచితే పిల్ల నెరసేది కావడానికి సగం అవకాశం. నెరసినదైతే ఈ గడ్డల భయం కూడ దానితోనే వచ్చును. ఈ మాట చెప్పగా సాయీసు కొంత సేపు ఆలోచించి, "సగమైతే సగం. పుట్టగానే తెల్లగుండునా?" అన్నాడు. ఉండదు, బాగా తెల్లబడడానికి ఆరేండ్లు, ఎనిమిదేండ్లు కూడ పట్టవచ్చునన్నాము.

"అన్నాళ్ళు దానికి ఉలవలు ఎవరు పెట్టేది సామీ, పెండ్లివాళ్ళు పెడతారా?" అని నవ్వినాడు.

గడ్డలు చిన్నవిగా ఉన్నప్పుడే పశువైద్యుడు కోసి తీయవచ్చునని మేము చెప్పితే, ఆ వారమే చూపించెదనన్నాడు. ఇంతలో బ్యాండు మేళం మొదలైనది. అతడు తోకను తిన్నగా దువ్వి, దానిపై జరీ గుడ్డ సవరించి, గుర్రాన్ని పెండ్లికొడుకు ముందుకు నడిపించినాడు.