కణం తలుపు దగ్గర తప్పిన కబురు
(రొమ్ము క్యాన్సరు రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



వార్డు బయట కూర్చున్న మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే. "మా ఇంటికే ఎందుకొచ్చింది? మేమేం పాపం చేశాం?" అని. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా ప్రభువును ఇదే అడిగారు. ఆయన అతణ్ణీ నిందించలేదు, అతని తల్లిదండ్రులనూ నిందించలేదు. కాబట్టి ఆ బరువు ముందు దించుకోండి. అసలు ఏం జరిగిందో ఈ రోజు తెలుసుకుందాం.

మన శరీరంలోని ప్రతి కణానికీ పైపొరలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. వీటిని గ్రాహకాలంటారు. మీ రిపోర్టులో రిసెప్టార్లు అని రాసేవాటిలో ఇవీ ఉంటాయి. బయటి నుంచి "పెరుగు", "ఆగు" అన్న కబురు వస్తే లోపలికి చేరవేయడం వీటి పని. వీటిలో ఒకటి హెర్2. ఇది నేరుగా కబురు అందుకోదు. పక్కనున్న గ్రాహకాలతో జతకట్టి, వాటి కబురును గట్టిగా లోపలికి పంపుతుంది.

హెర్2 సుమారు 1255 పూసల దండ లాంటిది. బయటి భాగం, లోపలి ముఖ్య భాగం మన బేతంచెర్ల నాపరాయిలా ఒక రూపంలో గట్టిగా ఉంటాయి. చివర సుమారు 250 పూసల తోక మాత్రం ఎద్దు పగ్గంలా ఎటు పడితే అటు ఊగుతుంది. దానికి నిలకడైన రూపం లేదు. ఇది జబ్బు కాదు, దాని సహజ స్వభావమే. ఆ తోక మీద ఫాస్ఫేటు ముద్రలు పడగానే లోపలి ప్రోటీన్లు వచ్చి దాన్ని పట్టుకుంటాయి. కబురు అక్కడి నుంచి ముందుకు పోతుంది. ఊగే పగ్గం కాబట్టే నలుగురు నాలుగు చోట్ల పట్టుకోగలరు.

మరి జబ్బు ఎక్కడుంది? కొందరిలో గడ్డలోని కణాల్లో హెర్2 జన్యువు నకళ్లు విపరీతంగా పెరుగుతాయి. మామూలు కణం మీద వేలల్లో ఉండే హెర్2 అక్కడ 20 లక్షల దాకా చేరవచ్చు. అప్పుడు "పెరుగు" అన్న కబురు ఆగకుండా పోతూనే ఉంటుంది. ఈ మార్పు గడ్డలో పుట్టింది. తల్లి నుంచి బిడ్డకు వచ్చేది కాదు. అయితే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రొమ్ము లేదా అండాశయ క్యాన్సరు వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. అది వేరే విషయం.

హెర్2 ఎక్కువైతే జబ్బు తీవ్రంగా ఉంటుందని 1987లో అమెరికా వైద్యుడు డెన్నిస్ స్లామన్ బృందం చూపింది. 1998లో ట్రాస్టుజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు అక్కడ అనుమతి వచ్చింది. ఊగే తోకను మందుతో పట్టుకోవడం కష్టం. ఈ మందు బయట గట్టిగా ఉన్న భాగాన్ని పట్టుకుంటుంది. 2014 నుంచి మన దేశంలో తయారైన ఇదే తరహా మందు కూడా దొరుకుతోంది.

రొమ్ము క్యాన్సరు వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు 15 నుంచి 20 మందికి హెర్2 ఎక్కువగా ఉంటుంది. సగానికి పైగా మందిలో ఈస్ట్రోజెన్ గ్రాహకం ఉంటుంది. వారికి టామోక్సిఫెన్ వంటి మాత్రలు పనిచేస్తాయి. ఎవరికి ఏ మందో పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు. పక్కింటి ఆమెకు పనిచేసింది మీ అమ్మకు పనిచేయకపోవచ్చు.

కనుక మీరు చేయవలసినవి:

1. ముక్క తీసి పరీక్ష చేసినప్పుడు గ్రాహకాల పరీక్ష కూడా చేశారా అని అడగండి. హెర్2 ఫలితం 0 లేదా 1+ అయితే నెగిటివ్, 3+ అయితే పాజిటివ్. 2+ అయితే తేలలేదని అర్థం. అప్పుడు ఫిష్ అనే మరో పరీక్ష కావాలి.

2. రిపోర్టుతో పాటు మైనపు దిమ్మను కూడా అడిగి తీసుకుని భద్రపరచండి. కర్నూలుకో హైదరాబాదుకో వెళ్తే వెంట తీసుకెళ్లండి. మళ్లీ ముక్క తీయించే బాధ తప్పవచ్చు.

3. గడ్డ కరిగింది కదా అని మందు ఆపవద్దు. తొలి దశలో హెర్2 ఇంజెక్షన్ సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. మధ్యలో గుండెకు ఎకో పరీక్ష చేస్తారు. టామోక్సిఫెన్ కనీసం ఐదేళ్లు వాడాలి.

4. పొలం అమ్మే ముందు ఆసుపత్రి పథకం కౌంటరులో అడగండి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో మీ చికిత్సకు ఏమేమి వర్తిస్తాయో తెలుసుకోండి.

5. నెగిటివ్ అని వచ్చినా దిగులు పడవద్దు. ఆ మందు సరిపడదని మాత్రమే దాని అర్థం. వేరే మందులున్నాయి.

చివరిగా ఒక మాట. రొమ్ములో గడ్డ కనబడితే సిగ్గుపడి దాచవద్దు. పసరు కట్టి నెలలు గడపవద్దు. ఇంటి ఆడవాళ్లు "నొప్పి లేదులే" అంటే మగవాళ్లే వెంటబెట్టుకుని రండి. మొదట్లో చాలా గడ్డలకు నొప్పి ఉండదు.

ప్రార్థన చేయండి, మందూ వేయండి. రెండూ ఆయన ఇచ్చినవే. ప్రభువు మీ ఇంటిని స్వస్థపరచును గాక. ఆమేన్.